తెర పట్టిన జంట

శఠగోపాచార్యులవారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. పరాంకుశానికి ఒక జబ్బుంది. పని చేస్తూ కూడా ప్రశ్న మానడు. వాడూ నేనూ ఆయన దగ్గర ఆగమం చదువుకుంటున్న రోజులవి. శ్రీరామనవమినాడు చినలంకలో కల్యాణం జరిపించడానికి గురువుగారు బయలుదేరుతుంటే, పూజాసామాను మూట నెత్తికెత్తుకుని వాడు మొదలుపెట్టాడు.

"ఎప్పుడో త్రేతాయుగంలో పెళ్ళైపోయినవారికి ఏటేటా ఈ పెళ్ళేమిటండీ? కట్టిన తాళి మళ్ళీ కట్టడం ఏ శాస్త్రం?"

"ముందు ఆ మూట పడవలో పెట్టు నాయనా," అన్నారు గురువుగారు.

చినలంకలో ఉన్నవి రెండే వీధులు. తూర్పువీధి సీతమ్మ తరఫు, పడమటివీధి రాముడి తరఫు. తాతలనాటి కట్టు. తూర్పువీధి పెద్ద వీర్రాఘవులు జనకుడి స్థానంలో కూర్చుని కన్యాదానం చేస్తాడు, పడమటివీధి పెద్ద కొండలరాయుడు దశరథుడి స్థానంలో కూర్చుని పుచ్చుకుంటాడు. కిందటేడు వైశాఖంలో ఈ ఇద్దరూ నిజంగానే వియ్యమందారు. వీర్రాఘవులు కూతురు మంగతాయారుని కొండలరాయుడి కొడుకు సత్తిరాజుకిచ్చి చేశారు.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలూ అత్తగారూ ఒక గడప దాటకూడదు కనక పిల్లని పుట్టింటికి పంపారు. అంతవరకూ బాగానే ఉంది. శ్రావణం వచ్చాక, సారె పెట్టి పిల్లని దిగబెట్టడం ఆడపెళ్ళివారి మర్యాద అని కొండలరాయుడు కూర్చున్నాడు. కబురుపెట్టి, మనిషి వచ్చి తీసుకెళ్ళడం మగపెళ్ళివారి మర్యాద అని వీర్రాఘవులు కూర్చున్నాడు. రెండిళ్ళకీ మధ్య కూతవేటు దూరం కూడా లేదు. పెద్దమనుషులు తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్నారు. దసరా వెళ్ళింది, కార్తీకం వెళ్ళింది, పిల్లని వదిలేశారటగా అని రేవులో ఆడవాళ్ళు గుసగుసలాడటం మొదలెట్టారు. చివరికి కొండలరాయుడు, నవమి దాటేలోగా కోడలు గడప తొక్కకపోతే మావాడికి వేరే సంబంధం చూసుకుంటామని నలుగురిలో అనేశాడు. అన్నమాట వెనక్కి తీసుకోవడం వాళ్ళ ఇంటావంటా లేదు. ఇదంతా పడవవాడు మేం రేవు దిగేలోగా చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు ముసలాళ్ళ మర్యాదల మధ్య ఒక పిల్ల కాపరం నలిగిపోతుంటే, ఊరంతా ఏది మర్యాదో తేల్చే పనిలో ఉంది.

ఆ ఊళ్ళో ఇంకొక ఆచారం ఉంది. కల్యాణంలో దేవుడికీ అమ్మవారికీ మధ్య పట్టే తెరని ఊళ్ళో ఆఖరుగా పెళ్ళైన జంట పట్టాలి. కిందటేటి వైశాఖం తరవాత ఊళ్ళో మరో పెళ్ళి కాలేదు. కనక మంగతాయారూ సత్తిరాజూ రావాల్సిందే. అవతలివాళ్ళే మానుకుంటారని రెండిళ్ళవాళ్ళూ అనుకున్నారో ఏమో, ఎవరూ మానుకోలేదు. తెర దేవుళ్ళిద్దరికీ అడ్డంగా ఉంది గాని, చెరో కొసా పట్టుకుని నిలబడ్డ వీళ్ళిద్దరికీ అడ్డం ఏమీ లేదు. ఎదురెదురుగా ఉన్నారు. సత్తిరాజు పందిరి తాటాకుల వంక చూస్తున్నాడు. ఆ పిల్ల సూటిగా అతని వంకే చూస్తోంది.

విష్వక్సేనపూజ అయింది, ప్రవరలు అయ్యాయి. వీర్రాఘవులు స్వామి పాదాలు కడుగుతున్నప్పుడు కొండలరాయుడు మీసం కింద నవ్వి, "మొత్తానికి మా గుమ్మం తొక్కకపోయినా మా కాళ్ళ దగ్గరికైతే వచ్చారు బావగారూ," అన్నాడు. దేవుడి పెళ్ళిలో ఇరుపక్షాలూ వేళాకోళమాడుకోవడం ఉన్నదే. జనం నవ్వారు. వీర్రాఘవులు నవ్వలేదు. కన్యాదానం ధార పొయ్యమని గురువుగారు చెంబు అందిస్తే, తీసుకుని పక్కన పెట్టేశాడు.

"పొయ్యనండి."

"ఏమయ్యా, ఏమొచ్చింది?" అన్నారు గురువుగారు.

"మా సీతమ్మనిస్తాం. ఆషాఢంలో పుట్టింటికి పంపుతారు. శ్రావణంలో ఎవరొచ్చి తీసుకెళతారో మగపెళ్ళివారిని చెప్పమనండి. అప్పుడు పోస్తాను."

"దిగబెట్టాల్సింది జనకమహారాజే," అన్నాడు కొండలరాయుడు. "సారెతో సహా."

"కబురు పెట్టాల్సింది దశరథమహారాజు. పెట్టాడా?"

"చక్రవర్తి ఎక్కడైనా కబుర్లు పంపుతూ కూర్చుంటాడా?"

"జనకుడేమన్నా గడ్డికోసుకుంటున్నాడా?"

ఇక చూడాలి. మొదట నవ్విన జనం కాసేపటికి రెండుగా చీలిపోయారు. మిథిలలో పద్ధతి ఇదంటే, కాదు అయోధ్యలో పద్ధతి అదన్నారు. ఒకాయన తన మేనత్తని ఎవరు దిగబెట్టారో చెప్పడం మొదలెట్టాడు. ఆ మేనత్త పోయి కూడా చాలాకాలమైందట. ముహూర్తం నెత్తిమీదికి వస్తోంది. గురువుగారు ఇద్దరికీ చేతులు జోడించారు.

"నాయనా, మిట్టమధ్యాహ్నం లగ్నం. తరవాత మీరు యుద్ధకాండ దాకా పోట్లాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడు ధార పొయ్యండి."

ఎవరు వింటారు? ఆయన మాట ఆయనకే వినబడనంత గోల. పరాంకుశం నా చెవిలో, "శాస్త్రప్రకారం దిగబెట్టాల్సింది ఎవరంటావు?" అన్నాడు. వాడి వీపు మీద ఒక్కటి వేద్దామనిపించింది.

"నాన్నా, నా చేతులు పడిపోతున్నాయి," అంది మంగతాయారు.

"కాస్త ఓర్చుకోమ్మా. ఈ సంగతి తేలిపోనీ."

"తేలదు నాన్నా. శ్రావణం నుంచీ తేలలేదు," అని ఆ పిల్ల తన కొస వదిలేసింది.

తెర జారి కిందపడింది. పందిరి కింద గోల టక్కున ఆగిపోయింది. జీలకర్రా బెల్లం పెట్టకముందే దేవుడూ అమ్మవారూ ఎదురెదురుగా కనిపిస్తున్నారు. "అపచారం, తెర వదిలేసింది," అన్నారెవరో పడమటివీధి ఆడవాళ్ళలోంచి. పరాంకుశం గాభరాగా గురువుగారి వంక చూశాడు.

"ఒకరినొకరు చూసుకుంటే చూసుకున్నారు. కొత్తవాళ్ళా?" అన్నారు గురువుగారు.

సత్తిరాజు తన కొసని ఇంకా పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. మంగతాయారు అతన్ని అడిగింది.

"ఏవండీ, మీరేమన్నా చెబుతారా, మీకూ మీ నాన్నగారే చెప్పాలా?"

"నేను చాలాసార్లు రేవుదాకా వచ్చాను," అన్నాడతను నెమ్మదిగా.

"రేవుదాకా వస్తే ఏం లాభం? మా ఇల్లు రేవులో ఉందా?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి నోరు మూసుకున్నారు. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నేను కావాలో వద్దో చెప్పండి. వద్దంటే ఈ తెర మనం పట్టకూడదు. ఇంకో జంటని పిలుచుకుంటారు. కావాలంటే ఎవరు దింపుతారు, ఎవరు తీసుకెళతారు అని ఇంకెవరినీ నన్ను అడగనివ్వకండి. నాకు విసుగొచ్చింది."

కొండలరాయుడు, "ఒరే అబ్బాయ్, నువ్వు ఊరుకో," అన్నాడు. వీర్రాఘవులు, "అమ్మాయ్, ఇది నలుగురూ ఉన్నచోటు," అన్నాడు. తొమ్మిది నెలల్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి.

సత్తిరాజు వంగాడు. కిందపడ్డ కొస అందుకుని, దులిపి, నడిచివెళ్ళి భార్య చేతిలో పెట్టాడు. "కల్యాణం అవగానే మీ ఇంటికొస్తాను. నాతో వచ్చెయ్," అన్నాడు. తండ్రి వంక చూడకుండానే, అందరికీ వినబడేటట్టు, "సారె అక్కర్లేదు," అన్నాడు. వెనక్కి వెళ్ళి తన చోట నిలబడ్డాడు. ఈసారి తాటాకుల వంక చూడలేదు.

ఆ పిల్ల తెర ఎత్తింది. వీర్రాఘవులు పక్కన పెట్టిన చెంబు అందుకుని, కూతురి వంకే చూస్తూ ధార పోశాడు. నీళ్ళు సగం కొండలరాయుడి పంచె మీద పడ్డాయి. ఆయన పంచె పిండుకున్నాడు. గురువుగారు ముహూర్తానికి జీలకర్రా బెల్లం పెట్టించి, మాంగల్యధారణ చేయించి, తలంబ్రాలు పోయించారు. మేం భోంచేసి రేవుకి వస్తుంటే సత్తిరాజూ మంగతాయారూ పడమటివీధిలోకి తిరుగుతున్నారు. వాళ్ళ వెనక ఇద్దరు వియ్యంకులూ నడుస్తున్నారు, మర్యాదప్రకారం ఎవరు ముందు నడవాలో ఇంకా తేలనట్టుంది.

పడవెక్కాం. ఏటి మధ్యకి రాగానే పరాంకుశం గొంతు సవరించుకున్నాడు.

"అది కాదు గురువుగారూ, తెర మధ్యలో జారిపోయిందిగా. కల్యాణం చెల్లినట్టేనా? పైగా పొద్దున నేనడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎప్పుడో పెళ్ళైపోయినవారికి ఏటేటా మళ్ళీ పెళ్ళెందుకు?"

గురువుగారు ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని, వాడి వంక అలసటగా చూశారు.

"వాళ్ళ పెళ్ళి త్రేతాయుగంలోనే అయిపోయింది నాయనా. ఏటేటా చేస్తున్నా కానిది మన మనుషులదే."