సింగారి కొనని గాలిమర

గుమ్మెడ అడవిలో రెండు గుట్టల మధ్య ఒక లోతైన లోయ ఉంది. లోయ నిండా వెదుళ్లే. ఆ వెదుళ్ల కింద జింకలు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, ముళ్లపందులు ఇరుగుపొరుగుగా ఉండేవి. ఆ అడవికి కరెంటు ఇంకా రాలేదు గానీ ఫోన్లు మాత్రం ఎప్పుడో వచ్చేశాయి. చార్జింగ్ అయిపోతే వాగు అవతల కరెంటు ఉన్న ఏనుగుల మకాం దాకా నడవాలి. కాళ్లు పీకినా సరే, ఫోన్ వదిలినవాళ్లు లేరు.

లోయ అడుగున ఒక బొరియలో సింగారి అనే ముళ్లపంది తన ఇద్దరు పిల్లలతో ఉండేది. కిందటి వానాకాలం బొరియలోకి చెమ్మ చేరి చిన్నదానికి దగ్గు పట్టుకుంది. నెల రోజులైనా తగ్గలేదు. ఈసారి వానలు పడకముందే ఇల్లు వెచ్చగా ఉండే దారేదైనా చూడాలని సింగారికి ఒకటే బెంగ.

అలాంటి సమయంలో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది.

“ఇంటికో గాలిమర! గాలికి తిరుగుతుంది, కరెంటు పుట్టిస్తుంది. దీపం వెలుగుతుంది, ఇల్లు వెచ్చబడుతుంది. ధర గంపెడు ఇప్పపువ్వు మాత్రమే. మూడు రోజులే అవకాశం!”

సింగారి దగ్గర సరిగ్గా ఒక్క గంపెడు ఇప్పపువ్వు ఉంది. వేసవంతా ఏరి, ఎండబెట్టి దాచింది. వాగు పొంగి బయటికి కదలలేని రోజుల్లో పిల్లల కడుపు నింపేది అదే. గాలిమర పనిచేస్తే చిన్నది దగ్గు లేకుండా నిద్రపోతుంది. పనిచేయకపోతే పిల్లలిద్దరూ పస్తులుంటారు. ఎటూ తేలక సింగారి తల పట్టుకుంది.

పక్క గుహలో జంబన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. లోకంలో తనకు తెలియనిది లేదనుకునే రకం. ప్రకటనలో మొదటి వరుస చదివి, రెండో వరుసకు వెళ్లకుండానే గాలిమరకు ఆర్డర్ పెట్టేశాడు.

“ఇంకా ఆలోచిస్తున్నావా చెల్లీ? ఆ ధరకి ఊరికే వచ్చినట్టే కదా!” అన్నాడు.

“మన దగ్గర అంత గాలి ఉందంటావా అన్నా?”

జంబన్న పడీ పడీ నవ్వాడు. “నీకు చెవులు లేవా ఏంటి? పైన వెదుళ్లు ఎలా హోరెత్తుతున్నాయో విను. గాలికి కొదవా మనకి?”

నిజమే, వెదుళ్లు పొద్దస్తమానం హోరుమనేవి. లోయలో పుట్టిన ప్రతి జీవీ ఆ చప్పుడు వింటూనే పెరిగింది. అందుకే తమది మహా గాలి ఉన్న చోటని అందరికీ గట్టి నమ్మకం.

సింగారి ఆ ప్రకటన ఇచ్చిన దుకాణం వాళ్లకే ఒక ప్రశ్న పంపింది. “అయ్యా, ఎంత గాలి వీస్తే మీ మర తిరుగుతుంది?”

వెంటనే జవాబు వచ్చింది. “చాలా మంచి ప్రశ్న అడిగారు మేడమ్! అవకాశం ఇంకా రెండు రోజులే.”

ఆమె మళ్లీ అడిగింది. ఈసారి ఒక పువ్వు బొమ్మ వచ్చింది.

సింగారికి ఒళ్లు మండింది. గాలి సంగతి తెలిసినవాళ్లనే అడుగుదామని గుట్ట మీద పెద్ద బండకేసి ఎక్కింది. ఆ బండ మీద ఒక ముసలి గద్ద ఉండేది.

“అవ్వా, మా లోయలో గాలి ఎక్కువేనా?”

“ఏమే పిల్లా, నేను మీ లోయ మీదుగా వెళ్లడం చూశావా ఎప్పుడైనా?” అంది గద్ద.

“చాలాసార్లు చూశాను.”

“అప్పుడు రెక్కలు ఆడిస్తానా, ఆడించకుండా తేలతానా?”

సింగారి గుర్తు తెచ్చుకుంది. “ఆపకుండా ఆడిస్తావు అవ్వా.”

“మీ లోయలోంచి గాలి పైకి లేస్తుంటే ఈ వయసులో నాకెందుకే అంత కష్టం? అయినా నా మాట కూడా నమ్మకు.” గద్ద రాలిన ఈక ఒకటి తీసి ఇచ్చింది. “మర ఎక్కడ నిలబెడతావో అక్కడ దీన్ని నారతో కట్టు. వెదుళ్ల వైపు చూడకు, ఈక వైపు చూడు.”

సింగారి బొరియ ముందు ఒక కర్ర పాతి, ఈక కట్టి, ఎదురుగా కూర్చుంది. పైన వెదుళ్ల కొసలు ఒకదానికొకటి రాసుకుంటూ ఒకటే రొద. కింద ఈక మాత్రం వేలాడుతూనే ఉంది. పొద్దున చూసింది, మధ్యాహ్నం చూసింది, సాయంత్రం చూసింది. మర్నాడూ అంతే. గాలంతా వెదుళ్ల నెత్తి మీదుగానే పోతోంది. ఆ చప్పుడే తప్ప గాలి కిందికి దిగడం లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. “ఆఖరి గంట! త్వరపడండి!”

లోపల చిన్నది ఒకసారి దగ్గింది. సింగారి గోరు ఫోన్‌లో కొనే మీట మీదికి వెళ్లింది. కొనకపోతే పిల్లకు అన్యాయం చేసినట్టవుతుందేమోనని ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే గంట గడిచిపోయింది.

మర్నాడు ఆమె దిగులుగా ఈకను నోట కరుచుకుని అవ్వకు తిరిగి ఇవ్వడానికి బయలుదేరింది. గుట్ట సగం ఎక్కి మలుపు తిరిగేసరికి ఈక ఒక్కసారిగా రెపరెపలాడింది. సింగారి ఆగిపోయింది. అక్కడ ఈక క్షణం కూడా ఊరుకోవడం లేదు. కాలితో నేలను గీరి చూస్తే, గాలికి చెమ్మంతా ఆరి మట్టి పొడిపొడిగా ఉంది.

“మరతో పనేముంది? గాలి ఉన్నచోటికి నేనే వస్తే సరిపోదా!” అనుకుంది.

వానలకు ఇంకా ఇరవై రోజులున్నాయి. సింగారి రోజూ తవ్వింది. రెండు వైపులా గుమ్మాలు పెట్టి, గాలి ఒకదాంట్లో దూరి ఇంకోదాంట్లోంచి పోయేలా కొత్త బొరియ కట్టుకుంది. తర్వాత పిల్లలనూ ఇప్పపువ్వు గంపనూ పైకి చేర్చింది.

జంబన్న గాలిమర కూడా వచ్చింది. అతను నోటితో ఊదితే తిరిగేది, ఊదడం ఆపితే ఆగిపోయేది. “అసలు గాలి ముందుంది!” అని అందరితో చెప్పుకున్నాడు. తొలి వానతో పాటు సుడిగాలి లోయలోకి దూకింది. మర గిర్రున తిరిగి, కీచుమని అరిచింది. రెక్కలు మూడూ విరిగి మూడు దిక్కులకు ఎగిరిపోయాయి. దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. దుకాణానికి ఫోన్ చేస్తే ఆ నంబరు లేదని వచ్చింది.

వాగు పొంగింది. దాచుకున్న ఇప్పపువ్వు మరకే పోవడంతో నాలుగు రోజులు ఆకలితో ఉన్న జంబన్న తడుస్తూ గుట్ట ఎక్కి సింగారి గుమ్మం ముందు తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె దోసెడు ఇప్పపువ్వు పెట్టింది.

తింటూ తింటూ జంబన్న అన్నాడు. “నీకు మొదటి నుంచీ తెలుసు కదా చెల్లీ, అది మోసమని?”

“ఎక్కడ తెలుసన్నా! నాకూ కొనాలనే ఉండింది. ఆ రోజు నా గోరు మీట మీదే ఉంది.”

“మరి ఎందుకు నొక్కలేదు?”

సింగారి లోపలికి చూసింది. పొడి నేల మీద చిన్నది హాయిగా నిద్రపోతోంది.

“ఆ గంప నాది కాదన్నా, పిల్లలది. నాదే అయితే నొక్కేసేదాన్నే,” అంది.

నీతి: చౌకగా వస్తోందని, త్వరపడమన్నారని ఏదీ కొనకూడదు. అది మన ఇంట్లో, మన అవసరానికి పనికొస్తుందో లేదో కళ్లారా చూసుకున్నాకే చేతిలోది వదలాలి.