మాట ఉండగా

పేరయ్యస్వామికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన ఒకాయనకి ఆశ్రమంలో మేకలన్నిటికీ మందు పట్టించి రమ్మన్నారట. ఆయన సాయంత్రానికి మోచేతుల దాకా గీరుకుపోయి వచ్చాడనీ, మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదనీ అక్కడివాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు.

నేను వెళ్ళిన రోజు నాకు నవ్వు రాలేదు. నా కొడుకు చక్రపాణి నన్ను కారులో ఎక్కించుకుని, కనిగిరి దాటి, ఆ ఆశ్రమానికి తీసుకువెళ్ళింది నా మీద ఫిర్యాదు చెయ్యడానికి. దారంతా పాటలు పెట్టాడు. నేను నోరు తెరిచినప్పుడల్లా సౌండు పెంచాడు.

వాడు స్వామి శిష్యుడు. ఎరువుల షాపు మూసుకుని మరీ ఆదివారాలు వెళ్తాడు. ఆయన కాళ్ళకి దండం పెట్టి, లేవకుండానే మొదలుపెట్టాడు.

"స్వామీ, మా అమ్మకి మీరే చెప్పాలి. పొద్దున లేస్తే చావు మాటలు. ఆఖరికి నన్ను ఆసుపత్రిలో పడెయ్యొద్దు, గొంతులో గొట్టం వెయ్యనివ్వొద్దు, ఆ టైముకి నువ్వు గట్టిగా నిలబడాలి అంటుంది. అన్నం దగ్గర కూడా అదే. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదా స్వామీ! బతికున్న మనిషి ఇలాంటివి ముందే మాట్లాడుకోవచ్చా?"

"నువ్వేమంటావు తల్లీ?" అని స్వామి నన్ను అడిగారు.

"మాట్లాడితే దగ్గొస్తుంది స్వామీ. నేను చెప్తాను" అన్నాడు నా కొడుకు.

కాబట్టి ఇక్కడ చెప్తాను. మా ఇంటి ఆడవాళ్ళకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు ఉంది. మా అమ్మ దానితోనే పోయింది. ఈ మాఘమాసంలో మా అక్క పోయింది. ఇప్పుడు నాకు వచ్చింది. డాక్టరమ్మ దాచలేదు. "మందులు వాడదాం, ఆక్సిజన్ పెట్టుకుందాం. కానీ ఒకరోజు మిషన్ మీద పెట్టాలా వద్దా అని మీవాళ్ళని అడగాల్సి వస్తుంది. అప్పటికి మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. మీకేం కావాలో ఇప్పుడే ఇంట్లో చెప్పుకోండి" అంది. చక్రపాణి వాళ్ళ నాన్న లేరు. చెప్పుకోవడానికి నాకు వాడొక్కడే. ఆయాసం తెలియకుండా మందులిస్తే చాలు, ఇంట్లో, మనుషుల మధ్య పోతాను, ఇంతే నేను చెప్పదలుచుకున్నది. మొదలుపెడితే లేచి వెళ్ళిపోయాడు. ఇంకోసారి మొదలుపెడితే, "నీకేం కాదమ్మా, నేనున్నాగా" అని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. నా చావు గురించి నేను మాట్లాడితే అశుభమట. వినకుండా నా నోరు మూస్తే అది ప్రేమట!

స్వామి వాడి మాటలన్నీ విన్నారు.

"సరే నాయనా, ఒక పని చెయ్యి. ఇప్పుడు పడుకున్నానంటే, భోజనాల గంట కొట్టేదాకా నేను మాట్లాడలేను. ఒంట్లో ప్రాణం ఉంటుంది, అంతే. నన్ను చూసుకో" అన్నారు.

వాడి ముఖం వెలిగిపోయింది. గురుసేవ కదా. వంటింట్లోంచి శేషమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆశ్రమం వ్యవహారాలు చూసే రంగనాయకులుగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన రిటైరైన డిప్యూటీ తహసీల్దారు.

స్వామి వెంటనే పడుకోలేదు. మంచం అంచున కూర్చుని ఒక్కొక్కరి ముఖంలోకీ చూశారు. "పడుకోబోతున్నాను" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకాసేపు చూశారు. "పడుకునే ముందు, నాకు..." అని మొదలుపెట్టారు.

"మీరేం చెప్పక్కర్లేదు స్వామీ" అన్నాడు మావాడు. "మీకేం కావాలో మాకు తెలియదా? అంతా నేను చూసుకుంటాను. హాయిగా పడుకోండి."

స్వామి పడుకుని కళ్ళు మూసుకున్నారు.

రోహిణీ కార్తె అది. వడగాలి కొడుతుందని రంగనాయకులుగారు కిటికీలన్నీ మూయించారు. శేషమ్మ ఊరుకోలేదు.

"ఉడికిపోతున్నారు, తియ్యండి. గాలాడకపోతే ఆయనకి తలనొప్పి."

"నీకేం తెలుసమ్మా?"

"నాకేం తెలుసా! ఆయన తినేదీ తిననిదీ ఎరిగినదాన్ని. తమరు ఫైళ్ళు ఎరుగుదురు."

ఇద్దరి మాటా పోకుండా ఉండాలని చక్రపాణి కిటికీలు మూసే ఉంచి ఫ్యాన్ పెంచాడు. ఫ్యాన్ పెంచాక, చలేమోనని దుప్పటి కప్పాడు. రోహిణీ కార్తెలో దుప్పటి! తర్వాత కాళ్ళు పట్టడం మొదలుపెట్టాడు, చెమటలు కక్కుతూ, బలమంతా పెట్టి. స్వామి మోకాళ్ళు ముడుచుకున్నారు. "పాపం, నొప్పులున్నట్టున్నాయి" అని ఇంకా గట్టిగా పట్టాడు.

నీరసం వస్తుందని శేషమ్మ రాగిజావ తెచ్చింది. మావాడు గ్లాసు అందుకుని స్పూనుతో ఆయన నోట్లో పోయబోయాడు. పెదవులు తెరుచుకోలేదు. జావ బుగ్గ మీంచి చెవిలోకి కారింది. "కొంచెం స్వామీ, ఒక్క కొంచెం" అంటూ మళ్ళీ పెట్టాడు. స్వామి చెయ్యి పైకి లేచింది. మెల్లగా ఆ స్పూనుని పక్కకి తోసింది.

"వద్దంటున్నారేమో" అంది శేషమ్మ.

"వద్దనడం కాదది. ఒంటి మీద తెలివి లేనట్టే కదా ఇప్పుడు. తెలియక తోస్తున్నారు" అన్నారు రంగనాయకులుగారు. "ఆ చెయ్యి కాస్త పట్టుకో అబ్బాయ్."

నా కొడుకు పట్టుకున్నాడు. ప్రేమగానే పట్టుకున్నాడు, మణికట్టు దగ్గర, మంచం పట్టెకి అదిమి.

"వదలరా!"

అరిచింది నేనే. దగ్గు తెర వచ్చింది. అయినా ఆగలేదు.

"మీ పెద్దమ్మ చేతులు ఇలాగే కట్టేశారు. గొట్టం పీక్కుంటోందని మంచానికి గుడ్డతో కట్టేశారు. వద్దని తోసిందిరా! తెలియక తోస్తోందన్నారు, అందరూ తలూపారు. నువ్వు ఆసుపత్రి తలుపు అద్దంలోంచి చూశావు. తనకేం కావాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తను చెప్పబోయిన రోజుల్లో అపశకునం, అపశకునం అని నోరు మూయించారు. ఇప్పుడు నా చేతులు పట్టుకోవడానికి ఇక్కడ నేర్చుకుంటున్నావా?"

వాడు చెయ్యి వదిలేశాడు. జావ నేలమీద ఒలికింది. శేషమ్మ దుప్పటి లాగి అవతల పడేసింది. రంగనాయకులుగారు మాత్రం, "గంట ఇంకా కొట్టలేదు కదా" అని గొణిగారు.

గంట కొట్టేదాకా స్వామి అలాగే పడుకున్నారు. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు. కిటికీ తియ్యాలో, మూసి ఉంచాలో, మంచినీళ్ళు కావాలో అక్కర్లేదో ఎవరికీ తెలియలేదు. ఊరికే ఆయన ముఖం వంక చూస్తూ కూర్చున్నాం. అంత పొడుగు కాలాన్ని నేను ఒక్కచోటే చూశాను, ఆసుపత్రి వరండాలో.

గంట కొట్టారు. స్వామి లేచి, పైపంచె కొసతో చెవి తుడుచుకున్నారు. జావ బాగా లోపలికి పోయినట్టుంది, తల వంచి తట్టుకున్నారు.

"ఏం నాయనా, బాగా చూసుకున్నావా నన్ను?"

"మీ మంచికే చేశాం స్వామీ" అన్నాడు వాడు. "మీరు మాట్లాడకపోతే మాకెలా తెలుస్తుంది?"

"మాట్లాడబోయాను."

వాడు తల దించుకున్నాడు. తర్వాత చేతులు జోడించి, "ఇప్పుడు చెప్పండి స్వామీ. మీకేం కావాలో అంతా చెప్పండి. వింటాను" అని ఆయన పాదాల దగ్గరికి జరిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత జరిగాక కూడా, చూడండి, వాడు ఎవరి దగ్గరికి జరిగాడో!

స్వామి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. నేను గోడకి చేరబడి ఇంకా దగ్గుతూనే ఉన్నాను. ఆయన నావైపు చెయ్యి చూపించారు.

"ఆవిడకి ఇంకా మాట పోలేదు నాయనా" అన్నారు.