మాబున్ని కూర్చున్న సీటు

దస్తగిరికి ఆ వారమంతా తిండి సయించలేదు. కారు వారంటీ శుక్రవారంతో అయిపోతుంది. ఇంకో రెండేళ్లకు పొడిగించుకుంటారా సార్ అని షోరూము నుంచి ఒకమ్మాయి రోజూ ఫోన్ చేస్తోంది. సరే అనలేడు, వద్దనీ అనలేడు. భార్య మాబున్ని పోయి రెండు నెలలు కూడా కాలేదు. ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఇప్పుడు మనిషి లేదు.

చివరికి, దేనికైనా పోయే చోటికే పోయాడు. ఊరి బయట గుట్ట కింద చిన్న దర్గా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఫకీరు బుడన్ షా తాత. దస్తగిరి కరెంటాఫీసులో ఉద్యోగానికి చేరిన కొత్తల్లోనే ఆయనకు శిష్యుడయ్యాడు. ఇప్పుడు రిటైరయ్యాడు కూడా. అయినా గురువారం గురువారం వచ్చి, సమాధి మీద పూలు పెట్టి, తాత చెప్పే నాలుగు మాటలు వినిపోవడం మానలేదు.

ఆ రోజు శుక్రవారం. పొద్దున్నుంచీ ముసురు. దర్గా ముందంతా బురద. కారుకు బురద అంటకూడదని దస్తగిరి దాన్ని రోడ్డు మీదే ఆపి, గొడుగు వేసుకుని నడిచొచ్చాడు.

"తాతా, కారుకు వారంటీ ఇంకో రెండేళ్లు తీసుకోమంటావా, వద్దంటావా?"

తాత ఊదు వేసే నిప్పుల్ని ఊదుతున్నాడు. "అంటే ఏందప్పా అది?"

"బండి పాడైతే వాళ్లే బాగుచేసిస్తారు. ఇంజిన్ గానీ, ఏసీ గానీ."

"ఎప్పుడన్నా పాడైందా?"

"అల్లా దయవల్ల ఒక్కసారి కూడా కాలేదు తాతా."

"మరి నీ బాధేంది?"

"మాబున్ని గాజులు అమ్మి కొన్న బండి తాతా అది. ఆమె గుర్తని నాకు మిగిలింది అదొక్కటే. మనిషినైతే కాపాడుకోలేకపోతి. బండినన్నా కాపాడుకోవద్దా?"

గాజుల మాట నిజమే. కారు మోజు మాబున్నిదే. కొన్ననాడు ఇద్దరూ దాన్ని ఈ దర్గాకే తెచ్చారు. బుడన్ షా తాత ఫాతిహా చదివి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, అందరికీ చక్కెర పంచాడు. ముందు సీట్లో కూర్చున్న మాబున్ని మొహం చూడాలి ఆ పొద్దు! ఆదోని అవతల చెల్లెలి ఊరికి ఈ కారులో పోవాలి, చెల్లెలి వాకిట్లో దిగాలి. అంతే ఆ తల్లి కోరిక. పెద్ద కోరికేమీ కాదు.

దస్తగిరేమో, ఆ రోడ్డు బాగాలేదే, గుంతల్లో బండి కుదేలైపోతుంది అన్నాడు. వానలు తగ్గనీ అన్నాడు. వానలు తగ్గితే దుమ్ము అన్నాడు. ఆమె బస్సెక్కి పోయొచ్చేది, కారు మాత్రం గుడ్డ కప్పుకుని షెడ్డులో హాయిగా ఉండేది. ఎప్పుడైనా బుద్ధి పుట్టి బజారు దాకా తీసుకుపోతే, చెప్పులు విప్పి ఎక్కమనేవాడు ఈ మహానుభావుడు. ఆమె ఆ చెప్పులు క్యారీబ్యాగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తలకు నూనె ఉంది, వెనక్కి ఆనకు అనేవాడు. ఇంటికి రాగానే ఆమె కూర్చున్న చోట గుడ్డ పెట్టి తుడిచేవాడు.

ఇవన్నీ తాతకు తెలుసు. ఉరుసుకు వచ్చినప్పుడు మాబున్నే నవ్వుతూ చెప్పుకుంది.

తాత నిప్పులు పక్కన పెట్టి లేచాడు. "పద, ఆమె గుర్తు నాకూ చూపించు."

నిమ్మకాయలు కోసే చాకు చేతిలోకి తీసుకుని, చెప్పుల్లేని కాళ్లతో బురదలోకి దిగి నడిచాడు. దస్తగిరి గొడుగు పట్టుకుని వెనకే పోయాడు.

కారు తలుపు తీశాడు గానీ, తాత పాదాలు చూసేసరికి దస్తగిరికి మనసు చివుక్కుమంది. "తాతా, కాళ్లు..." అనేశాడు. తాత విననట్టే ఎక్కి, మాబున్ని కూర్చునే సీట్లో కూర్చున్నాడు. షోరూము వాళ్లు తొడిగిచ్చిన ప్లాస్టిక్ కవరు కింద గరగరమంది. కొన్ననాటి నుంచీ దస్తగిరి దాన్ని తీయలేదు.

"ఇక్కడేనా ఆమె కూర్చునేది?"

"ఇక్కడే తాతా."

తాత కిందికి దిగాడు. చాకు పెట్టి కవరును పైనుంచి కింది దాకా చీల్చేశాడు.

"అయ్యో, ఏం పని తాతా ఇది!" దస్తగిరి అరిచేశాడు.

తాత ఆ ప్లాస్టిక్‌ను లాగి అతని చేతిలో పెట్టాడు. "ఇప్పుడు వెతుకు."

"ఏం వెతకాలి?"

"ఆమె గుర్తు అంటివి గదా నాయనా. వెతుకు."

దస్తగిరి లోపలికి వంగాడు. సీటు గుడ్డ దుకాణంలో అప్పుడే విప్పిన తానులా ఉంది. ఎక్కడా నలగలేదు. తల ఆనే చోట కాస్త నూనె జిడ్డు ఉందేమోనని వేళ్లతో తడిమాడు. లేదు. ఒక్క తలవెంట్రుకైనా దొరుకుతుందేమోనని సందుల్లో చూశాడు. అదీ లేదు. మొహం దగ్గరగా పెట్టి వాసన చూస్తే కొత్త గుడ్డ వాసనే వచ్చింది. కింద మ్యాట్ మీద మాత్రం బురదలో రెండు పాదాల గుర్తులున్నాయి. అవి తాతవి.

జేబులో ఫోన్ మోగింది. షోరూము అమ్మాయే.

"సార్, ఈరోజే ఆఖరు. వారంటీ తీసుకుంటున్నారా సార్?"

దస్తగిరి రెండో చేత్తో ఇంకా సీటు సందుల్లో వెతుకుతూనే ఉన్నాడు.

"సార్, బండికి ఏమైనా కంప్లయింట్లు ఉన్నాయా? గీతలు గానీ, మరకలు గానీ?"

"లేవమ్మా. ఒక్కటి కూడా లేదు."

"లోపల సీట్లు ఎట్లున్నాయి సార్?"

"కొత్తవే... కొత్తవి కొత్తగానే ఉన్నాయి."

"చాలా బాగా చూసుకున్నారు సార్!" అంది ఆ అమ్మాయి మెచ్చుకోలుగా.

ఇన్నాళ్లూ ఆమెను ఆననివ్వని చోట నుదురు ఆనించి, దస్తగిరి భోరున ఏడ్చాడు. చేతిలో ఫోన్ సార్, సార్ అంటూనే ఉంది.

తాత బురదలో మెల్లగా దర్గా వైపు నడిచిపోయాడు.