నక్క తోలిన బండి

మా తుమ్మల అడవిలో బండి తోలడమంటే ముందు నా పేరే చెబుతారు. ఎవరు చెబుతారని అడక్కండి, ఎక్కువగా నేనే చెబుతుంటాను. నక్క జంబన్న పగ్గం పట్టాడంటే గాలి పక్కకు తప్పుకుని దారిచ్చేది. ఒకసారి పిడుగుతో పందెం కట్టాను. అది నేల తాకేలోపే పక్క ఊరు చేరి, దాని చప్పుడు అక్కడ తీరిగ్గా కూర్చుని విన్నాను. అంతటివాణ్ణి ఓ ఎండాకాలం సెలవుల్లో పెళ్ళాం పిల్లలతో అత్తారింటికి బయల్దేరాను. అలాంటి ప్రయాణం నాకు ముందూ తర్వాతా ఏ నక్కా చేయలేదు.

నాది ఒంటెద్దు బండి. లాగేది ఎద్దు మైలన్న. నెమ్మదస్తుడు, నాలుగు మాటలకు ఒక మాట మాట్లాడే రకం. బండిలో నా భార్య ఎర్రమ్మ, పిల్లలు. అందరికంటే చిన్నది చిట్టి వెనక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం వాగు ఒడ్డున బండి ఆపి అన్నాలు తిన్నాం. ఎండ్రకాయల వేపుడు ఒక దాక, పెరుగన్నం ఒక కుండ. పిల్లలు కూడా కొంచెం తిన్నారు.

"బావా, ఈ మద్దిచెట్టు నీడలో కాసేపు నడుం వాల్చు" అన్నాడు మైలన్న. "ముందు గద్దలోయ మలుపులున్నాయి. నీ కళ్ళు మూతలు పడుతున్నాయి."

"అవి మూతలు పడటం కాదోయ్. కళ్ళు చికిలించి దారి కొలుస్తున్నాను."

"కొలిచేటప్పుడు గురక కూడా వస్తుందా?" అంది ఎర్రమ్మ.

"అది గురక కాదు, ఎద్దును అదిలించడం. ఎక్కండి, ఎక్కండి. నా తోడల్లుడు ఈపాటికి సగం దారి దాటి ఉంటాడు. ముందు చేరిన అల్లుడికే మా అత్త వేపచెట్టు కింద మంచం వేస్తుంది. పోయినేడు నన్ను కోళ్ళగూటి పక్కన పడుకోబెట్టారు."

"కోళ్ళగూటి పక్కన పడుకోవడం నక్కకు కష్టమా?" అన్నాడు మైలన్న.

"తాళం వేసిన గూడయ్యా. రాత్రంతా వాసన."

బయల్దేరాం. మొదటి మలుపు దగ్గర నేను ఒక్కసారి రెప్ప వేశాను. ఒక్క రెప్పే. అందులోనే అత్తారిల్లు చేరి, మంచమెక్కి, మామిడిపండు కూడా చీకుతున్నాను. ఇంతలో ధడేల్మని చక్రం అంచునున్న బండరాయి ఎక్కింది. చిట్టి గాల్లోకి ఎగిరింది. ఎర్రమ్మ దాని తోక దొరకబుచ్చుకుంది. మైలన్న గిట్టలు నేలలోకి దిగేసి బండిని నిలబెట్టాడు. రాళ్ళు లోయలోకి దొర్లిపోయాయి. అవి అడుగున పడ్డ చప్పుడు మాకు వినబడలేదు.

"చూశారా" అన్నాను. "అంచుదాకా తీసుకెళ్ళి ఆపడమంటే మాటలు కాదు."

ఎవరూ నవ్వలేదు. చిట్టి వాళ్ళమ్మ మెడ పట్టుకుని వదలడం లేదు.

"ఆపింది మైలన్న" అంది ఎర్రమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

మైలన్న బండిని దారి మధ్యకు లాగి నిలబడ్డాడు. "సరే బావా, ఒక ఒప్పందం. నువ్వు మెలకువగా ఉన్నంతసేపు నువ్వు చెప్పిన దారి. కునుకు తీశావంటే, ఆ తర్వాత దారి నా ఇష్టం."

"కునుకా, నేనా? పెట్టుకో ఒప్పందం."

"అయితే బయల్దేరే ముందు ఆ పిడుగు కథ ఒకసారి చెప్పు. నడుస్తూ వింటే సగం పోతుంది. నిలబడి వింటాను."

అడిగి మరీ నా కథ వినేవాడు దొరికాడు. ఎలా వదులుతాను? మబ్బు పట్టడం దగ్గర మొదలుపెట్టాను. నా కథ వింటూ నిద్రపోయినవాళ్ళు అడవిలో చాలామందే ఉన్నారు. ఆ రోజు వాళ్ళలో నేనూ చేరాను.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బండి ఒక వాకిట్లో ఆగి ఉంది. ఒక్క దూకు దూకి, మీసం దువ్వి, అరుగు మీద కూర్చుని అల్లుడి హోదాలో కాళ్ళు చాపాను.

"అత్తా, జంబన్న వచ్చాడు. రెప్ప వేయకుండా లోయ దాటించాను. తోడల్లుడు ఇంకా రాలేదు కదా? కాళ్ళకు నీళ్ళివ్వండి."

చాలాసేపటికి చెంబుడు నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి.

"ఈమధ్య బాగా నెమ్మదించారత్తా" అన్నాను, కళ్ళు నులుముకుంటూ.

"అత్తను కాదు బాబూ, పక్కింటి తాబేలు కూర్మయ్యని. పొద్దున్నే అత్తారింటికని వెళ్ళారు కదా. మళ్ళీ ఇక్కడ కాళ్ళు చాపితే, ఇది ఎవరిల్లనుకున్నారో కనుక్కుందామని వచ్చాను."

తలెత్తి చూశాను. నా గుమ్మం, నేను వేసిన తాళం. బండిలో పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. చిట్టి కూడా నవ్వుతోంది. ఆ ఒక్కటీ చూసి నేను కోపం తెచ్చుకోలేదు.

మైలన్న గడ్డి నములుతూ అన్నాడు: "దారి నా ఇష్టమన్నాను కదా బావా. ముందు లోయ, వెనక చదును నేల. పగ్గం పట్టినవాడు గురక పెడుతుంటే పిల్లల్ని లోయ అంచున తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు."

మర్నాడు మళ్ళీ బయల్దేరాం. నీడ కనబడ్డ చోటల్లా ఆగాం, నేను చెప్పినట్టే, అంటే మైలన్న చెప్పమన్నట్టే. అన్నం తిన్నాక నాకు కునుకొచ్చింది. పగ్గం ఎర్రమ్మకిచ్చి, చిట్టిని పక్కన వేసుకుని వెనక పడుకున్నాను.

వేపచెట్టు కింద మంచం తోడల్లుడికే దక్కింది. నాకు మళ్ళీ కోళ్ళగూడే. చిట్టి వచ్చి నా పొట్ట మీద వాలి పిడుగు కథ చెప్పమంది. మొదలుపెట్టాను. ఇద్దరిలో ముందు ఎవరు నిద్రపోయారో ఎర్రమ్మనే అడగాలి.

కళ్ళు మూతపడ్డాక చేతిలో పగ్గమున్నా బండి మనది కాదు. నిద్రొస్తే ముందు బండి ఆపండి, గొప్పలు ఇల్లు చేరాక చెప్పుకోవచ్చు.