జడలు కట్టుకున్న కాటుక

ఒకప్పుడు మంచుకొండల్లో తిరిగే బర్రెకు జడలు ఉండేవి కావు. మన పొలాల్లో మేసే గేదెలాగే నల్లగా, నున్నగా ఉండేది. చలికాలం వస్తే లోయలోకి దిగిపోయేది. మంచు కరిగి, కొండ మీద ఎర్రపూలు పూశాక మేకలతో, గొర్రెలతో కలిసి మళ్ళీ పైకి ఎక్కేది.

ఆ బర్రెల్లో కాటుక అనే ముసలిది ఉండేది. దానికి ఆకాశం చూడటమంటే మహా ఇష్టం. కాటుక ఒక్కదానికే కాదు, అక్కడ అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పసుపుముక్కు కాకి, కొమ్ములు తిరిగిన పొట్టేలు, రాళ్ళ సందుల్లో గడ్డి దాచుకునే చిట్టెలుక. సాయంత్రమైతే అందరూ ఒక చదునుబండ మీద చేరి, రేపు ఎండా వానా గాలా అని వాదించుకునేవాళ్ళు. ఎవరి మాట నిజమైతే మర్నాడు వాళ్ళు అందరికంటే ముందుగా ఉప్పురాయి నాకొచ్చు. అదీ వాళ్ళ కట్టుబాటు.

వాళ్ళందరికీ ఒకటే కోరిక. వైశాఖంలో మంచు కురవడం చూడాలని. పూలు పూసిన కొమ్మల మీద మంచు పడితే ఎంత బాగుంటుందోనని కాకి రోజూ అనేది. అలాంటి మంచు చూసింది కాటుక ఒక్కతే, అదీ దూడగా ఉన్నప్పుడు. ఆ మంచు వచ్చే ముందు కొండ కొన్ని గుర్తులు చూపిస్తుందని వాళ్ళమ్మ చెప్పింది. ఆ గుర్తులు ఎన్నో, ఏవేవో కాటుకకు ఇప్పుడు సరిగా గుర్తు లేవు.

గుర్తులే కాదు, ఈమధ్య చాలా మర్చిపోతోంది. వాగు దాకా వెళ్ళి, ఎందుకు వచ్చానబ్బా అనుకుని, దాహంతోనే తిరిగి వచ్చేది. ఎవరికీ చెప్పేది కాదు గానీ, లోపల బెంగగా ఉండేది.

ఒక సాయంత్రం కాటుక ఎర్రపూల చెట్టు దగ్గర ఆగింది. ఆకులన్నీ చుట్ట చుట్టినట్టు ముడుచుకుని వేలాడుతున్నాయి. చూడగానే కాటుకకు గుర్తొచ్చింది. వాళ్ళమ్మ చెప్పిన మొదటి గుర్తు అదే.

బండ దగ్గరికి వెళ్ళి, మంచు వస్తోందని చెప్పింది. కాకి ఎగిరి గంతేసింది. పొట్టేలు మంచి చోటు తనకే కావాలని బండ మీద అటూ ఇటూ కొలుచుకున్నాడు. పిల్లల సంగతి ఎవరికీ తట్టలేదు. అప్పుడే పుట్టిన మేకపిల్లలు, గొర్రెపిల్లలు, కాటుక కూతురి దూడ, అన్నీ పైనే ఉన్నాయి. కిందికి దించుదామంటే కరిగిన నీళ్ళతో వాగు పొంగి పారుతోంది. పైగా కొండ మీద ఒక ఆచారం ఉంది. ఎర్రపూలు పూయగానే మేకలూ గొర్రెలూ చలికాలపు బొచ్చంతా ముళ్ళపొదలకు రుద్ది వదిలించుకోవాలి. పాత బొచ్చు మోసుకు తిరగడం పరువు తక్కువ. ఆ ఏడు కూడా పొదల నిండా బొచ్చు వేలాడుతోంది, దాన్ని వదిలించుకున్నవాళ్ళంతా పల్చటి ఒళ్ళతో తిరుగుతున్నారు.

మర్నాడు పొద్దున కాకి వచ్చి, మంచు ఎప్పుడు వస్తుంది అత్తా అని అడిగింది.

కాటుక తెల్లబోయి చూసింది. "ఏ మంచు?"

ఇక చూడండి, కొండంతా నవ్వే. నిన్న చెప్పింది ఇవాళ మర్చిపోయిందంటే, ఆ చెప్పింది కూడా కలలో చూసి చెప్పిందేనని పొట్టేలు తేల్చేశాడు.

కాటుక సిగ్గుతో తల దించుకుని ఎర్రపూల చెట్టు దాకా నడిచింది. ముడుచుకున్న ఆకులు కనిపించగానే అంతా గుర్తొచ్చింది. అప్పుడు భయమేసింది. తను మర్చిపోతే ఈ పిల్లల్ని కాచేదెవరు?

అక్కడే నిలబడి ఆలోచించింది. తర్వాత నేరుగా చిట్టెలుక దగ్గరికి వెళ్ళింది.

"చిట్టీ, నా తల ఇక దేన్నీ దాచిపెట్టలేదమ్మా. నా ఒంటి మీద దాచుకుంటాను. కనిపించిన ప్రతి గుర్తుకూ నాకొక జడ వెయ్యి."

ఎలుక తన చిన్న చేతులతో పొదల మీది బొచ్చు దువ్వి తెచ్చింది. మూడు పాయలు తీసి అల్లింది. దేవదారు బంక పూసి కాటుక పక్కటెముకల మీద అతికించింది. అది ముడుచుకున్న ఆకుల జడ. మధ్యాహ్నమైనా తేనెటీగలు పట్టు వదిలి బయటికి రాలేదు. అదొక జడ. లోయ నుంచి రావాల్సిన గాలి కనుమ వైపు నుంచి వచ్చింది. దానికొక జడ. పసుపుముక్కు కాకి చుట్టాలంతా గుంపులు గుంపులుగా కిందికి ఎగిరిపోతున్నారు. దానికీ ఒకటి. కాటుక రోజూ పొద్దున లేచి మూతితో జడలను తడుముకుని, ఇది ఆకులు, ఇది తేనెటీగలు, ఇది గాలి, అని చదువుకునేది.

పొట్టేలుకు ఇది పండగలా ఉంది. "జడలేసుకున్నావు, పూలెప్పుడు పెట్టుకుంటావు పెద్దమ్మా? పెళ్ళికొడుకుది ఏ ఊరు?"

"నవ్వరా అబ్బాయ్. నవ్వుతూనే ఆ పొదల మీది నీ బొచ్చు కూడా ఇటు తెచ్చి పడెయ్," అంది కాటుక.

మొదట చుక్కమేక తన బొచ్చు మోసుకొచ్చింది. దానికి కొత్తగా పుట్టిన పిల్ల ఉంది మరి. దాన్ని చూసి ఇంకో తల్లి, ఆమెను చూసి మరొకరు. ఎలుకకు అల్లి అల్లి వేళ్ళు వాచాయి. కాటుకకు రెండు పక్కలా, పొట్ట కింద, మెడ కింద జడలే జడలు.

అంతలో ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, రాళ్ళు కాలేంత ఎండ. జడల బరువుతో కాటుకకు చెమట కారింది. ఎవరైనా వైశాఖంలో కంబళ్ళు కప్పుకుంటారా అని గొర్రెలు గుసగుసలాడాయి. ఎలుకకే అనుమానం వచ్చి, మంచు రాకపోతే ఎలా అవ్వా అని మెల్లగా అడిగింది.

"రాకపోతే నవ్వుతారు. నవ్వితే ఎవరూ చచ్చిపోరు," అంది కాటుక. ఒక్క జడ కూడా విప్పనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే కనుమ మీద మబ్బు లేచింది. మొదటి మంచు రేకులు ఎర్రపూల మీద వాలాయి. నిజంగానే ఎంతో బాగుంది. కాకి పాట ఎత్తుకుంది. పొట్టేలు నోరు తెరిచి రేకులు పట్టుకున్నాడు. బండ మీద అందరూ ఆహా ఓహో అనుకుంటుండగానే గాలి విరుచుకుపడింది. రేకులు సూదులయ్యాయి. పాట ఆగిపోయింది. పల్చటి ఒళ్ళతో పిల్లలు గజగజ వణుకుతూ అమ్మా అమ్మా అని ఏడ్చాయి.

కాటుక గాలికి వీపు పెట్టి నిలబడింది. పిల్లలన్నిటినీ తన పొట్ట కిందికి రమ్మంది. మేకపిల్లలు, గొర్రెపిల్లలు, దూడ, అన్నీ జడల వెనక ఒదిగిపోయాయి.

అప్పుడు మంచు వచ్చి కాటుక చెవి దగ్గర మెత్తగా మాట్లాడింది.

"అలసిపోయావు. ఎందుకు నిలబడ్డావో కూడా నీకు గుర్తులేదు కదూ? పడుకో."

కాటుకకు నిజంగానే గుర్తులేదు. కళ్ళ ముందు తెలుపు తప్ప ఏమీ లేదు. ఇది ఏ కొండో, తను ఎవరో కూడా తెలియడం లేదు. మోకాళ్ళు వంగాయి. వంగగానే గాలికి ఒక జడ ఊగి పక్కటెముకకు తగిలింది. ఆకులు, అనుకుంది. ఇంకొకటి తగిలింది. తేనెటీగలు. మరొకటి. గాలి. పొట్ట కింద ఏదో చిన్న ముక్కు దాని చర్మానికి ఒత్తుకుంది. కాటుక మోకాళ్ళు నిటారుగా చేసింది.

"గుర్తుంది," అంది మంచుతో. "నువ్వు వెళ్ళే దాకా నిలబడాలి."

మంచుకు కోపం వచ్చింది. గాలితో కలిసి ఆ జడలను పీకేద్దామని పట్టుకుని లాగింది. జడలు ఊడలేదు. సాగాయి. మంచు లాగేకొద్దీ సాగి సాగి నేలను తాకాయి, పిల్లల చుట్టూ తెరలా నిలిచాయి. లాగి లాగి మంచుకే ఓపిక పోయింది. వెళ్ళిపోతూ తన చలితో ఆ జడల మొదళ్ళన్నిటినీ కాటుక చర్మంలోకి బిగించేసింది.

పొద్దున్నే సూర్యుడు వచ్చాడు. తెర తొలగించుకుని మేకపిల్ల ఒకటి బయటికి దూకింది. దాని వెనక ఇంకోటి. తల్లులు ఒక్కొక్కదాన్నీ నాకి నాకి చూసుకున్నాయి. ఏ పిల్లకూ ఏమీ కాలేదు.

రాయి చాటు నుంచి పొట్టేలు వణుకుతూ వచ్చి, తన బొచ్చు కాస్త తిరిగి ఇప్పించమని బతిమాలాడు. ఎలుక పళ్ళతో పట్టి లాగింది, పొట్టేలు కొమ్ముతో లాగాడు. ఒక్క పోచ రాలేదు. అవి ఇప్పుడు కాటుక సొంత జడలు. పొట్టేలు కాటుక పక్కనే ముడుచుకుని పడుకున్నాడు, కాటుక ఒక జడ అతని మీదికి జరిపింది.

అప్పటినుంచే మంచుకొండల బర్రెకు నేలను తాకే జడలు ఉన్నాయి. జడల బర్రె అన్న పేరు అలా వచ్చిందే. వసంతంలో అది లోపలి మెత్తటి నూగు రాల్చుకుంటుంది గానీ, పైన ఎంత ఎండ కాసినా, ఎవరు ఎంత నవ్వినా, జడలను మాత్రం ఈనాటికీ వదలదు.