పల్లకీలోంచి వైద్యం

చెంగలమ్మకు నలభై ఏళ్లు. రోగి పేరు రోగి నోటే చెప్పించుకున్నాకే మందు ఇస్తుంది. రాజుగారి వైద్యశాలలో ఆమె పరిచారిక. అక్కడి పెద్ద వైద్యుడు అనంతభట్టు పల్లకీ దిగకుండానే మందులు చెప్పి వెళ్లిపోయే మహానుభావుడు. కిందటేడు ఒక రోగి చనిపోతే, "నేనలా చెప్పలేదు, ఇదే తప్పుగా విన్నది" అని ఒక పరిచారికను కొరడాతో కొట్టించాడు.

ఆ ఉదయం దగ్గుతో మూడేళ్ల పిల్ల వచ్చింది.

"నాలుగు నల్లమందు గుళికలు వెయ్యి" అన్నాడు అనంతభట్టు పల్లకీలోంచి.

"అది నిన్న ఏనుగులాంటి సేనాపతిగారికి చెప్పిన మోతాదు అయ్యగారూ. ఈ పిల్ల మళ్లీ లేవదు. అంతే వెయ్యమంటే రాసివ్వండి."

"ఆడదానివి, నాకు నేర్పుతావా? నా మాటే శాసనం!"

"శాసనమైతే ఊరంతా వినాలిగా."

చెంగలమ్మ వీధిలో పోతున్న దండోరావాణ్ణి పిలిచింది. "చాటించు తమ్ముడూ! అనంతభట్టుగారు మూడేళ్ల పిల్లకు నాలుగు నల్లమందు గుళికలు వెయ్యమన్నారు. రేపు పిల్లకేమైనా అయితే ఊరంతా సాక్ష్యం."

డప్పు మీద మొదటి దెబ్బ పడగానే వైద్యుడు పల్లకీలోంచి దూకి, అప్పుడు చూశాడు పిల్ల మొహం. "నల్లమందు వద్దు, తేనె చాలు" అని గొణిగి, తాటాకు మీద తనే రాసిచ్చాడు.

తర్వాత చెంగలమ్మ ఆ వైద్యశాలలోని పరిచారికలందరికీ చదవడం, రాయడం నేర్పింది.