ఒక కొమ్ము వాలిన నీహారిక

“ఉన్నది చూడటం నేర్పాల్సిన మీరు, లేనివి చూడటం నేర్పుతారేమిటి సార్?” అని ఇందుమతి ఒకరోజు కూర్మనాథం గారిని నేరుగానే అడిగేసింది. ఆయన దగ్గర పరిశోధనకు చేరి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. ఆ ధైర్యం ఎక్కడిదో తర్వాత చెబుతాను. ముందు ఆయన అలవాటు సంగతి.

కొండమీది ఆ వేధశాలలో దూరదర్శినికి కెమెరా బిగించి, గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీసే కాలం అది. పలక మీద అన్నీ తారుమారు. ఆకాశం తెల్లగా ఉంటుంది, నక్షత్రాలు నల్లటి చుక్కలు, వెలిగే నీహారిక మసి మరకలా కనిపిస్తుంది. పగటిపూట ఆ పలకను కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, నీహారిక అంచును పెన్సిల్‌తో గీసుకోవాలి. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది, ఇంకా బాగానే చేస్తోంది. అయినా ఆ గదిలోని రసాయనాల వాసన, మూలనున్న స్టవ్వు మీద ఎవరో ఒకరు కాచే టీ, బల్ల మీదికి వంగిన తలలు ఇందుమతికి ఇవాళ్టికీ గుర్తే.

కొత్త పలక రాగానే కూర్మనాథం గారు అందర్నీ పిలిచి, “ఏం జంతువర్రా ఇది?” అని అడిగేవారు. ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాకే భూతద్దం. సీనియర్ సత్యవర్ధన్‌ది భీమవరం వైపు. అతనికి ఎప్పుడూ రొయ్యలే కనిపించేవి. “ఉడికిందా, పచ్చిదా నాయనా?” అనేవారు సారు. గదంతా నవ్వు. ఇందుమతి మాత్రం ముఖం బిగించుకుని, “వాయువు, ధూళి కనిపిస్తున్నాయి సార్” అనేది.

“గోల్డ్ మెడల్ కళ్లు. వాటికి జంతువులు ఆనవు” అనేవాడు సత్యవర్ధన్. సారు ఆమెకూ భూతద్దం ఇచ్చేవారు గాని, ఒక్క క్షణం ఆగి ఇచ్చేవారు.

ఆ ఏడాది ఆమె ఫెలోషిప్ పొడిగించాలా వద్దా అని తేల్చడానికి పెద్దల సంఘం రానుంది. కొత్తదేదీ చూపించకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే ఆమెకు దొరికింది. తన నీహారిక పైఅంచు నుంచి సన్నటి పాయ ఒకటి పక్కకు వంగి కిందికి దిగుతోంది. అంతకుముందు ఎవరూ దాన్ని గుర్తించలేదు. ఇందుమతి అంచు గీసింది, పాయ పొడవు కొలిచింది, వ్యాసం రాసి సారు ముందు పెట్టింది. మొదట చెప్పిన ప్రశ్న అడిగింది ఆ ధీమాతోనే.

సారు పలక మీది కాగితాన్ని తీసి కిటికీ అద్దానికి అంటించారు. వెనక ఎండ. మరకా లేదు, చుక్కలూ లేవు. ఆమె గీసిన గీత ఒక్కటే మిగిలింది.

“సత్యం, ఇలా రా. ఏమిటిది?”

సత్యవర్ధన్ టీ గ్లాసుతోనే వచ్చాడు. “గేదె సార్.”

“రొయ్య కాదూ?”

“ఎవరు చూసినా గేదే సార్. పాపం, ఒక కొమ్ము వాలిపోయింది.”

ఇందుమతి నవ్వబోయి ఆగిపోయింది. ఆ కొమ్ము ఆమెకు తెలుసు. అవనిగడ్డలో వాళ్ల ఇంటి పెరట్లో ఉండే గేదె సింగారిది. బడి నుంచి రాగానే పుస్తకాలు పడేసి తౌడు కలిపి పెట్టేది తనే. తాగుతూ తాగుతూ అది తల విదిలిస్తే గౌను నిండా కుడితే. వాలిన కొమ్ము కంటికి అడ్డమొస్తుందని సింగారి మెడ ఓ పక్కకు తిప్పి చూసేది. కాగితం మీది గేదె కూడా మెడ అటే తిప్పింది. సింగారిని అమ్మేసిన రోజున ఇందుమతి ఇంటర్ పరీక్ష రాస్తోంది. ఆ తర్వాత దాన్ని తలుచుకున్నట్టు కూడా ఆమెకు గుర్తు లేదు.

భూతద్దం తీసుకుని పలక మీదికి వంగింది. కొమ్ము ఉండాల్సిన చోట చెదురుమదురుగా కొన్ని నల్లటి రవ్వలున్నాయి. వాటిని కలిపింది తన పెన్సిలే. అదే నీహారిక ఉన్న ఇంకో పలక తీసి చూసింది. అందులో ఆ రవ్వలు కూడా లేవు. కిటికీ దగ్గరికి వెళ్లి కాగితం ఊడదీసి, రబ్బరు తీసుకుని కొమ్మును తనే చెరిపేసింది.

“ఆ కొమ్ము మా ఇంటి గేదెది సార్. గీసేటప్పుడు దాన్ని నేను చూడనే లేదు” అంది.

“చూశావు. నోటితో చెప్పలేదు, అందుకే పెన్సిల్‌లోకి దిగింది.”

“మరి సంఘం ముందు ఏం పెట్టను?”

“అది మాత్రం నాకూ తెలియదమ్మా.”

సత్యవర్ధన్ ఆమెకూ ఒక గ్లాసు టీ తెచ్చి బల్ల చివర పెట్టాడు. ఇందుమతి దాన్ని ముట్టుకోలేదు. ఈసారి బింకం లేకుండా, “లేనివి చూడకుండా ఉండటం ఎలా సార్?” అని అడిగింది.

కూర్మనాథం గారు కాగితం మీది రబ్బరు పొట్టు ఊదేశారు. దాన్ని మళ్లీ పలక మీద సరిగ్గా పరిచి, పెన్సిల్ ఆమె చేతికిచ్చారు.

“గేదె మీ ఇంటిదని తేలిపోయింది కదా” అన్నారు. “ఇక ఆకాశానిది ఏదో చూడు.”